రిలీవరు రాని షిఫ్టు

మధ్యాహ్నం ఒకటిన్నరకి ముంజేతి కడియంలోంచి యంత్రం గొంతు మళ్ళీ అడిగింది.

"చెంగల్రాయుడు గారూ, ఈ క్షణంలో మీ మనసు ఎలా ఉంది? ఒకటి నుంచి పది లోపల ఒక అంకె చెప్పండి."

చెంగల్రాయుడు చెప్పలేదు. పావుగంట కిందట అడిగినప్పుడూ చెప్పలేదు. పద్దెనిమిది నెలలుగా అది పావుగంటకోసారి అడుగుతూనే ఉంది. పెళ్ళాం పోయిన ఏడు కూడా అతన్ని ఇన్నిసార్లు ఎవరూ పలకరించలేదు.

ఎదురుగా ఫర్నేసు మండుతోంది. మండుతున్నట్టు కనిపిస్తోంది. మూడు నిలువుల ఎత్తున్న వెలుగుగోడ మీద పసుపుపచ్చని మంట అటూ ఇటూ ఊగుతోంది. నేలలోని సందుల్లోంచి వేడిగాలి కొడుతోంది. కరిగిన గాజు కుతకుతలాడే చప్పుడు, కాలిన ఇటుక వాసన, పాత ఫ్యాను కిర్రుమనడం కూడా వదలకుండా తెచ్చి పెట్టారు. అసలు ఫర్నేసు ఉన్న చోట ఇప్పుడు ముళ్ళతుమ్మ మొలిచింది. దాని ఇటుకలు సైతం విప్పుకుని పోయారు.

దీనికి కంపెనీ పెట్టిన పేరు నీడకొలిమి. తెల్లమిట్ట జనం బొమ్మ ఫర్నేసు అంటారు.

వెనకటి రోజుల్లో ఫ్యాక్టరీ మూస్తే గేటుకి ఒక కాగితం అంటించి వెళ్ళిపోయేవారు. ఏడాది తిరక్కుండా ఊళ్ళో మగవాళ్ళు ఒకరి వెనక ఒకరు రాలిపోయేవారు. కొందరు తాగి, కొందరు తాగకుండానే. పోయినవాళ్ళని లెక్కేసినవాళ్ళు సిగ్గుపడ్డారో, సిగ్గుపడ్డట్టు కనిపించాలనుకున్నారో, మొత్తానికి మూత చట్టం వచ్చింది. ఫ్యాక్టరీ మూసే కంపెనీ ప్రతి కార్మికుడి మనసూ కుదుటపడేదాకా బాధ్యత వహించాలి. కుదుటపడిందని ఎవరు చెప్పాలి? కడియం చెబుతుంది.

కుదుట కడియం అని దాని పేరు. అందరి ముంజేతికీ తొడిగారు. నాడి, చెమట, నిద్ర, మాటలో వణుకు, అన్నీ కొలిచి నూటికి ఒక అంకె చూపిస్తుంది. తొంభై దాటితే మనిషి బాగుపడ్డట్టు. కంపెనీ చేతులు కడుక్కోవచ్చు.

ఆ తొంభైకి చేర్చే యంత్రమే నీడకొలిమి. తాగుడు మాన్పించినట్టు పనిని మాన్పిస్తారు. మొదట ఎనిమిది గంటల షిఫ్టు. తర్వాత ఆరు, నాలుగు, రెండు. చివరికి ఒక గంట. దేనికీ తగిలించని మీటలు తిప్పుతూ, దేన్నీ కరిగించని మంటకి కాపలా కాస్తూ, మనిషి మెల్లమెల్లగా తన పనిని మరిచిపోవాలి. లోపల మనిషి డ్యూటీలో ఉండగా గోడ కదపకూడదని కూడా చట్టంలో రాశారు. ఏదో ఊళ్ళో లారీవాళ్ళు తొందరలో గోడ విప్పబోతే అది కూలి ఒకడు పోయాడట. కొట్టి, ఏడవకుండా చేతిలో బెల్లంముక్క పెట్టడం పాత పద్ధతి. ఆ బెల్లంముక్క ఎంతసేపు చప్పరించాలో కొలిచి చెప్పడం కొత్త పద్ధతి.

నాలుగు వందల పన్నెండు మందిలో నాలుగు వందల పదకొండు మంది తొంభై దాటారు. కొందరు నిజంగానే దాటారు. మాలకొండయ్య అయితే కడియాన్ని దూడ కాలికి కట్టి తొంభై ఆరు తెచ్చుకున్నాడు. "దూడకేం దిగులబ్బా? దానికేమన్నా ఫ్యాక్టరీ మూతపడిందా?" అని ఊరంతా చెప్పుకుని నవ్వాడు. కంపెనీకీ ఆ సంగతి తెలుసు. అంకె బాగుంది కాబట్టి ఊరుకుంది.

మిగిలింది చెంగల్రాయుడు ఒక్కడు. అతని కడియం మీద ముప్ఫై ఒకటి. ఆరు నెలలుగా ఇంచుమించు అక్కడే ఉంది.

తలుపు తోసుకుని హన్విక వచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయి. తెల్లమిట్టకి కంపెనీ పంపిన బాధ్యతాధికారిణి. చేతిలో అరచేయంత పలక, దాంట్లో అందరి అంకెలూ. ఆమె మంచి పిల్లే. అతనికి అదే మరీ చిరాకు. చెడ్డవాళ్ళతో ఎట్లా మాట్లాడాలో అతనికి తెలుసు.

"ఇవాళ ఆఖరి రోజు, రాయుడు గారూ. రెండింటికి గోడలు ఆగిపోతాయి. మూడింటికి లారీలు వస్తాయి. ఈ హాలంతా విప్పి ఇంకో ఊరికి తీసుకెళ్ళాలి. అక్కడ పదకొండు వందల మంది ఎదురు చూస్తున్నారు."

"ఆడేం మూస్తుండారు?"

"టైర్ల ఫ్యాక్టరీ."

"శుభం."

హన్విక పలకని అతని వైపు తిప్పింది. "మీ అంకె ఇలాగే ఉంటే కంపెనీకి బాధ్యత తీరినట్టు పత్రం రాదు. మీ ఒక్కరి వల్ల."

"రాకపోతే ఏమవుద్ది?"

"నా ఉద్యోగం పోతుంది."

దాచకుండా చెప్పినందుకు చెంగల్రాయుడు ఆమె వైపు మొదటిసారి తిన్నగా చూశాడు. "పోతే నీకూ ఒక కడియం తొడుగుతార్లేమ్మా," అన్నాడు.

ఆమె నవ్వలేదు. "మీకేం కావాలో చెప్పండి. నా చేతిలో ఉన్నదైతే ఇప్పుడే చేస్తాను."

"మూడుసార్లు రాసిచ్చినా గదా."

"చదివాను. మంట అప్పగించుకునేవాళ్ళు రావాలన్నారు. అందుకేగా పోయిన నెల ఏర్పాటు చేశాం!"

ఆ ఏర్పాటు గుర్తొస్తే చెంగల్రాయుడికి ఒళ్ళు మండింది.

గాజు ఫర్నేసు వంట పొయ్యి కాదు. ఒకసారి వెలిగిస్తే పది పన్నెండేళ్ళు ఆరకూడదు. ఆరితే లోపల గాజు గడ్డకట్టి ఫర్నేసంతా పాడవుతుంది. అందుకని రాత్రీ పగలూ దాని ముందు ఒక మనిషి ఉంటాడు. ఆ మనిషి చేతిలో కొయ్యచట్రం బిగించిన నీలం అద్దం ఉంటుంది. ఒట్టి కంటికి మంటంతా ఒకటే మెరుపు. నీలం అద్దంలోంచి చూస్తేనే దాని నాలుక తెల్లగా కనిపిస్తుంది, ఎటు వాలిందో, ఎక్కడ చీలిందో తెలుస్తుంది. షిఫ్టు మారేటప్పుడు దిగేవాడు ఆ అద్దాన్ని ఎక్కేవాడి చేతిలో పెడతాడు. ఎక్కేవాడు దాంట్లోంచి చూసి, "మంట చూశాను, నువ్వు పో" అంటాడు. ఆ మాట పడేదాకా దిగేవాడు కదలకూడదు. ఇల్లు తగలబడుతున్నా సరే. ఈ కట్టుబాటు ఏ రూల్సు పుస్తకంలోనూ లేదు. ఎవరూ రాయలేదు గనక యంత్రానికీ తెలియదు.

మూసిన రోజు పొద్దుటి షిఫ్టు చెంగల్రాయుడిది. రెండింటికి షిఫ్టు ఎక్కాల్సిన రిలీవరు రాలేదు. అందర్నీ గేటు దగ్గరే ఆపేశారు. గ్యాసుని ఎవరో సముద్రం అవతల కూర్చుని ఒక వేలితో ఆపారు. అతని కళ్ళ ముందే మంట నాలుక పొట్టిదై, చీలి, కూలిపోయింది. అయినా అతను కదల్లేదు. సాయంత్రం అయిదింటికి సెక్యూరిటీ వాళ్ళు చెరో రెక్క పట్టుకుని బయటికి ఈడ్చారు. నీలం అద్దం అతని జేబులో ఉండిపోయింది.

పోయిన నెల ఏర్పాటు ఏమిటంటే, నీడమనిషిని దింపారు. వెలుగుతో చేసిన మనిషి. ఖాకీ చొక్కా, మీసం, ముంజేతి మీద కాలిన మచ్చ కూడా పెట్టారు. వాడు నవ్వుతూ చెయ్యి చాచి, "మంట చూశాను, మీరు వెళ్ళండి" అన్నాడు. రిలీవరు ఎక్కడైనా మీరంటాడా? అయినా చెంగల్రాయుడు అద్దాన్ని వాడి అరచేతిలో పెట్టి చూశాడు. అద్దం వాడి చేతిలోంచి దూరి కింద పడింది. చట్రం మూల చిట్లింది. ఆ రోజు కడియం పదకొండుకి పడిపోయింది. ఎందుకు పడిందో యంత్రానికి అంతు చిక్కలేదు. మీసం ఇంకొంచెం ఒత్తుగా పెట్టమని సలహా ఇచ్చింది.

"నేనింకా ఆ పొద్దు షిఫ్టు దిగలేదమ్మా," అన్నాడు చెంగల్రాయుడు. "అది నీకర్థమయ్యేట్టు ఎట్టా చెప్పాలో నాకు తెలీదు."

హన్విక పలకలోకి చూసింది. చెప్పాలా వద్దా అని తటపటాయించి చెప్పింది. "యంత్రం ఇంకో మాట అంటోంది. మీ దిగులులో సగానికి పైగా సొంత దిగులట. మీ భార్య గారి గురించి. అది కంపెనీ మూసివేతకి సంబంధించింది కాదు కాబట్టి, దాన్ని విడదీసి చూపిస్తే..."

"సొంతమా?"

అతని గొంతు పెద్దగా లేవలేదు. ఆమె మాత్రం ఒక అడుగు వెనక్కి వేసింది.

"పదకొండేళ్ళ కింద మా ఆడమనిషి ఇంట్లో కూలబడిపోయింది. రెండింటికి కబురొచ్చింది. రెండింటికి నా షిఫ్టు అయిపోవాల. రిలీవరు రాలా. ఆరింటికొచ్చినాడు. నాలుగున్నరకే ఆయమ్మ పోయింది. ఆ నాలుగు గంటలూ నేను యాడుండానో మీ యంత్రాన్ని అడుగు. మీ ఫర్నేసు ముందర! దాన్ని ఇడిచిపెట్టి పోకూడదని. ఆరిపోతే ఊరంతా మునిగిపోద్దని. అట్టాంటి దాన్ని మీవోళ్ళు ఒక్క వేలితో ఆర్పేసినారే! అయితే ఆ పొద్దు నేను దేనికి నిలబడినట్టు? ఇది సొంత దిగులా, కంపెనీ దిగులా? నువ్వే కోసి చూపించు, యాడికి సగమో."

హన్విక పలకని కిందికి దించింది. గొంతు మాత్రం మాట్లాడింది.

"చెంగల్రాయుడు గారూ, ఈ క్షణంలో మీ మనసు..."

"నోర్ముయ్," అంది హన్విక. అతన్ని కాదు, గొంతుని. అది మూసుకోలేదు. అంకె చెప్పమని పూర్తిగా అడిగి, జవాబు కోసం ఆగింది.

పదకొండేళ్ళ కింద ఆలస్యమైన ఆ రిలీవరు జిలానీ. అతనికి కారణం ఉంది. కంపెనీ అప్పట్లో ఏడాదికోసారి సామాజిక బాధ్యత పండగ చేసేది. మధ్యాహ్నం షిఫ్టుకి వస్తున్న వాళ్ళని గేటు దగ్గరే ఆపి, చేతికి ఒక్కో మొక్క ఇచ్చి వరసలో నిలబెట్టారు. ముఖ్య అతిథి నాలుగు గంటలు ఆలస్యంగా వచ్చాడు. ఫోటోలు తీసేదాకా ఎవర్నీ కదలనివ్వలేదు. ఆ మొక్కల్లో ఒక్కటీ బతకలేదు. ఇదంతా చెంగల్రాయుడికి తెలుసు. కారణాలు అందరికీ ఉంటాయి. మొక్క కింద పారేసి పరుగెత్తి రావడానికి జిలానీకి కాళ్ళు లేవా? ఆ తర్వాత తొమ్మిదిన్నరేళ్ళు ఇద్దరూ అదే ఫర్నేసు ముందు షిఫ్టులు మారారు. "మంట చూశాను, నువ్వు పో" అన్న మాట తప్ప వాళ్ళ మధ్య ఇంకో మాట నడవలేదు. జిలానీ రెండు మూడుసార్లు ఏదో చెప్పబోయాడు. చెంగల్రాయుడు ముఖం తిప్పుకున్నాడు.

ఇప్పుడు జిలానీ కడియం మీద తొంభై రెండు. బొమ్మ ఫర్నేసుకి అతను రానవసరం లేదు. అయినా రోజూ ఒకటీ ముప్పావుకి వచ్చి బయట సిమెంటు బల్ల మీద కూర్చుంటాడు. రెండు దాటాక చెంగల్రాయుడు వెళ్ళిపోయేదాకా కూర్చుని, తర్వాత లేచి పోతాడు. ఎందుకొస్తాడో ఇతను అడగలేదు, అతను చెప్పలేదు.

"ఆ అద్దం ఇలా ఇవ్వండి," అంది హన్విక.

చెంగల్రాయుడు ఆమె చెయ్యి చూశాడు. గోళ్ళు కొరుక్కున్న చెయ్యి. చెమట పట్టింది. ఏం చేసినా చెయ్యే. జేబులోంచి అద్దం తీసి అందులో పెట్టాడు. అది కింద పడలేదు.

ఆమె దాన్ని కంటి దగ్గర పెట్టుకుని వెలుగుగోడ వైపు చూసింది. తిప్పి చూసింది. తుడిచి చూసింది.

"ఏమీ కనిపించడం లేదండీ. మసకగా ఉందంతే."

"కనపడదు. నిజం మంటయితే నాలుక కనపడతది. నాకు మొదటి రోజే తెలుసు."

"మరి నేనేం చెప్పాలి?"

"చూసింది చెప్పు."

ఆమె అద్దాన్ని దించకుండా చాలాసేపు అలాగే ఉంది. పక్కన పాత ఫ్యాను కిర్రుమంటూనే ఉంది.

"మంట లేదు," అంది చివరికి. "ఆరిపోయింది. మేమే ఆర్పాం. చూశాను." కాస్త ఆగి, "మీరు వెళ్ళ..." అనబోయి దిద్దుకుంది. "నువ్వు పో."

చెంగల్రాయుడికి సంతోషమేమీ కలగలేదు. కాళ్ళు నొప్పి పుట్టాయి. అంతే. ఏణ్ణర్థం కిందట పుట్టవలసిన నొప్పి. కడియం మీద అంకె కదిలింది. నలభై, యాభై ఎనిమిది, డెబ్భై. తొంభై ఒకటి దగ్గర ఆగింది. "అభినందనలు, చెంగల్రాయుడు గారూ!" అంది గొంతు. కడియం టక్కున దానంతట అదే ఊడి నేల మీద పడింది. రెండు గంటలయింది. వెలుగుగోడ ఆరిపోయింది. వేడిగాలి ఆగింది. ఫ్యాను చప్పుడు అన్నిటికంటే చివర పోయింది.

"రిలీవరు వచ్చేదాకా కదలబాకమ్మా," అన్నాడు తలుపు వైపు నడుస్తూ. అలవాటుగా నోటికొచ్చిన మాట. ప్రతి షిఫ్టులోనూ అన్న మాటే.

"అలాగే," అంది హన్విక. ఆమె మొహంలో పద్దెనిమిది నెలల బరువు దిగిన నవ్వు.

అతను గడప దాటుతుండగా ఆమె చేతిలోని పలక మోగింది. అదే గొంతు.

"హన్విక గారూ, తెల్లమిట్ట బాధ్యత సంపూర్ణమైంది. మీ సేవలకు కృతజ్ఞతలు. కంపెనీ బాధ్యతా విభాగాన్ని నేటితో మూసివేస్తున్నాం. ఇకపై అన్ని ఊళ్ళనూ నేనే చూసుకుంటాను. మీ కుదుట కడియం దారిలో ఉంది. ఈ క్షణంలో మీ మనసు ఎలా ఉంది? ఒకటి నుంచి పది లోపల ఒక అంకె చెప్పండి."

చెంగల్రాయుడు వెనక్కి తిరగలేదు. బయటికి వచ్చి బల్ల మీద ఒక చివర కూర్చున్నాడు. రెండో చివర జిలానీ ఉన్నాడు. ఎండ చురచురలాడుతోంది.

జిలానీ చాలాసేపు ఓపిక పట్టాడు. తర్వాత ఎదురుగా చూస్తూనే అడిగాడు.

"అద్దం ఎవురు పట్టినారన్నా?"

జవాబు చెప్పకూడదనే అనుకున్నాడు చెంగల్రాయుడు. కానీ అది డ్యూటీ మాట. డ్యూటీ మాటకి జవాబు చెప్పాలి.

"ఆ పిల్ల."

"మరి ఆయమ్మకి రిలీవరు?"

"రారు. ఆయమ్మ ఉద్యోగం కూడా పీకేసినారు. ఇప్పుడే."

జిలానీ తలుపు వైపు చూశాడు. తెరిచిన తలుపులోంచి పడ్డ ఎండలో హన్విక కనిపిస్తోంది. గోడకి ఎదురుగా నిలబడే ఉంది. పలక నేల మీద ఉంది. అద్దం చేతిలో ఉంది. ఆమె పోవచ్చు. అడ్డేమీ లేదు. పోవడం లేదు. ఆ నిలబడడం ఎలాంటిదో చెంగల్రాయుడికి తెలుసు. కదిలితే అంతా అయిపోయినట్టు. కదలకపోతే ఇంకా ఏదో తన చేతిలో ఉన్నట్టు.

నిలబడనీ, అనుకున్నాడు. నాలుగు గంటలు నిలబడితే తెలుస్తుంది. కంపెనీ మనిషికి ఒక్కసారైనా తెలియాలి.

ఆ మాట అనుకున్నాక మనసు చల్లబడాలి. పడలేదు. ఆ పిల్ల గోళ్ళు కొరుక్కున్న చెయ్యి కళ్ళముందు మెదులుతూనే ఉంది. తనకి మంట ఆరిందని చెప్పిన మనిషి ఈ లోకంలో అదొక్కతే.

జిలానీ లేచాడు. మోకాళ్ళు పట్టుకుని, మూలిగి, లేచాడు.

"పది నిమిషాలు ఆలస్యమైపోయిందన్నా. పోతా." రెండడుగులు వేసి ఆగాడు. "ఈసారి ఎవురూ మొక్కలు ఇయ్యలేదులే."

చెంగల్రాయుడు ముఖం తిప్పుకోలేదు. తిప్పుకోవడం మరిచిపోయాడు.

లోపలి నుంచి మాటలు వినిపించాయి. "ఇట్టా ఇయ్యమ్మా... ఊఁ. చూశాను. నువ్వు పో." అక్కడ మంటే లేదు కదా అంది ఆమె. దానికి జిలానీ, "లేదనే గదమ్మా చూసింది! లేకపోతే మాత్రం? నీ ఒంతు అయిపోయింది. పో, పొయ్యి మంచినీళ్ళు తాగు," అన్నాడు.

హన్విక బయటికి వచ్చి, జిలానీ లేచిన చోట కూర్చుంది. ఏడుస్తోందో లేదో చెంగల్రాయుడు చూడలేదు. పక్కనున్న నీళ్ళ సీసా ఆమె వైపు జరిపాడు. ఎలా ఉంది అని అడగలేదు.

మూడింటికి లారీలు వచ్చాయి. డ్రైవరు ఒకడు దిగి, హాల్లోకి తొంగి చూసి, తల గోక్కుంటూ వచ్చాడు.

"పెద్దాయనా, లోపల ఎవరో ముసలాయన నిలబడున్నాడు. దిగమంటే దిగనంటాడు. మనిషుండగా గోడ ముట్టుకుంటే మా లైసెన్సు పోద్ది. ఆయన ఎప్పుడు దిగుతాడు?"

"రిలీవరు వస్తే."

"ఆ రిలీవరు ఎప్పుడొస్తాడు?"

పలకలోని గొంతు హాల్లో నేల మీదనుంచి ఇంకా అడుగుతూనే ఉంది. అన్ని ఊళ్ళనూ చూసుకుంటానన్న ఆ గొంతుకి ఈ ప్రశ్నకి జవాబు తెలియదు. నాలుగు వందల పన్నెండు మందినీ తొంభై దాటించింది. లోపల నిలబడ్డవాడి అంకె తొంభై రెండు.

చెంగల్రాయుడు లేచి తలుపు దగ్గరికి నడిచాడు. గడప ఇవతలే నిలబడ్డాడు. ఆ చీకటి గోడ ముందు జిలానీ నీలం అద్దాన్ని ఛాతీకి ఆనించుకుని, కాళ్ళు ఎడంగా పెట్టి, ఫర్నేసు ముందు నిలబడినట్టే నిలబడి ఉన్నాడు.

"జిలానీ!"

పదకొండేళ్ళుగా పలకని పేరు.

"ఏందన్నా?"

"రాత్రి పదికి నేనొస్తా. అయిదు నిమిషాలు ముందే ఉంటా."

జిలానీ అద్దం ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"ఆలస్యమైనా ఉంటాలే అన్నా," అన్నాడు.